మిషను పల్లం

కంటికి ఆపరేషన్ అయిన మనిషికి ఒక సుఖం ఉంది. నల్లద్దాలు పెట్టుకుని కిటికీ పక్కన కూలబడితే నిద్రపోతున్నాడో మేలుకుని ఉన్నాడో పక్కవాళ్లకి అంతుపట్టదు. నేను రేపల్లె పాసింజరులో అలాగే కూర్చున్నాను, బండి తెనాలిలో ఇంకా కదల్లేదు, ఎప్పుడు కదులుతుందో దేవుడికీ డ్రైవరుకీ తప్ప తెలియదు, ఆ ఇద్దరిలో ఒకాయన ప్లాట్‌ఫారం మీద టీ తాగుతున్నాడు. అద్దాల్లోంచి స్టేషనంతా పాత ఆవకాయ రంగులో కనిపిస్తోంది, మనుషులు ఊటలో ముక్కల్లాగా తేలుతున్నారు, నా పక్కన మనవరాలు రిబ్కా చేతిలో కాగితం పట్టుకుని పెదవులు కదుపుతోంది, శబ్దం రావడం లేదు, చిన్నప్పుడు సండేస్కూల్లో వాక్యం అప్పజెప్పే ముందు కూడా ఇట్లాగే కదిపేది. బాపట్లలో మా అమ్మాయి కృపమ్మ ఇంట్లో నేను వెల్లకిలా పడుకున్నన్నాళ్లూ కంట్లో చుక్కలు వేసింది ఈ పిల్లే, విశాఖపట్నంలో సైకాలజీ ఎమ్మే చదువుతోంది, బాపట్ల బళ్లల్లో పిల్లల్ని ఏవో ప్రశ్నలు అడగాలని వచ్చి మేనత్త ఇంట్లో దిగింది, చుక్క వేసేటప్పుడు తాతా పైకి చూడు అనేది, పైన ఫ్యాను తప్ప ఏముందమ్మా అంటే ఆ ఫ్యాను మీద పిచ్చుక గూడు పెట్టింది తాతా, అందుకే అత్త స్విచ్చి వెయ్యడం లేదు, నీకు విసనకర్ర ఇచ్చింది అనేది, నా చెమటకి కారణం పిచ్చుకల కాపురమని అప్పుడు తెలిసింది. తెనాలిలో బండి మారుతుంటే దాని తండ్రి ఎజ్రా, నా కొడుకే, ఇక్కడే గుమాస్తా ఉద్యోగం, ఇడ్లీ పొట్లం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. “నాన్నా, నువ్వన్నా చెప్పు దానికి. బ్యాంకు పరీక్ష రాయవే అంటే కొంగలంటది, జమ్ము అంటది. రేపు జీతం ఎవరిస్తారంట, కొంగలిస్తయ్యా?” అన్నాడు. “ఇస్తయిరా. చేపల్లో ఇస్తయ్యి” అన్నాను. వాడికి నవ్వు రాలేదు, వాడికి చిన్నప్పటి నుంచీ రాదు, నా హాస్యం వాణ్ణి దాటుకుని మనవరాలి మీద పడింది.

బండి కదిలింది. చినరావూరు పోయింది, కోతలైన మాగాణుల్లో కుప్పలు, కుప్పల మధ్య మినుము చేలు, అవన్నీ పచ్చగానే ఉండి ఉంటాయి, నాకు మాత్రం నల్లగా కనిపిస్తున్నాయి, రిబ్కా కాగితంలో ఒక మాట దగ్గర ఆగి ఆగి పలుకుతోంది, జీవవైవిధ్యం. మొదటిసారి ఆ మాట చెప్పినప్పుడు వేడి బజ్జీ నోట్లో పెట్టుకున్నట్టుందమ్మా అన్నాను, అంటే లోకంలో రకరకాల ప్రాణాలు ఉండటం తాతా, ఒక్కటి పోయినా మిగతావాటికి దెబ్బే అని విడమర్చింది, ఆ సంగతి నాకు తెలుసు, దానికి పేరుందని తెలియదు. సాయంత్రం మా ఊళ్లో ఈ పిల్ల మాట్లాడబోయేది దాని గురించే. రేపల్లెలో దిగి సముద్రం వైపు బస్సెక్కితే మా ఊరు, ఊరికి దక్షిణాన చర్చికి చెందిన పల్లపు భూమి ఉంది, దొరల కాలంలో ఇచ్చారట, మిషను పల్లం అంటాం, చవుడు నేల కాబట్టి వరి పండదు, నీళ్లు నిలుస్తాయి, జమ్మూ తుంగా పెరుగుతాయి, చలికాలం ఎక్కడెక్కడి బాతులో వచ్చి దిగుతాయి. ఇప్పుడు ఈ కోస్తా అంతటా రొయ్యల చెరువులు తవ్వుతున్నారు కదా, ఒక బయటి ఆసామి వచ్చి పల్లం కౌలుకివ్వండి, మీ చర్చికి పెంకులు తీసేసి శ్లాబు వేయిస్తాను అన్నాడు. ఇవ్వడమా మానడమా సాయంత్రం తేలాలి. మా చర్చి సంఘంలో ఓటు చీటీలు వెయ్యడం లేదు, ఏ సంగతికైనా అందరిలోకీ పెద్దవాడు ముందు చెయ్యెత్తాలి, ఆ చెయ్యి లేస్తే దాని వెనక మిగతావి లేస్తాయి, లేవకపోతే ఆ సంగతి అక్కడితో సరి. మొన్నటిదాకా ఆ చెయ్యి తోమాసుది. తోమాసు పోయాక పెద్దరికం నాకొచ్చింది, ఎవరూ ఇవ్వలేదు, బతికి ఉన్నందుకు వచ్చింది. పల్లం ఇవ్వడానికి చెయ్యెత్తుతానని మాటిచ్చాను. ఆ మాట రిబ్కాకి తెలుసు, తెలిసి కూడా బాపట్లలో ఒక్కసారి ఆ ఊసెత్తలేదు, చుక్కలు వేసింది, అన్నం కలిపి పెట్టింది, పేపరు చదివి వినిపించింది, పల్లం మాట మాత్రం రానివ్వలేదు, అడిగి ఉంటే కాదనేవాణ్ణి, అడగని మనిషిని ఏమని కాదంటాం.

ఒక్కటి అడిగింది, అదీ తన చదువు గురించి. “తాతా, మనిషి చేసే ప్రతి పనికీ వెనకాల ఒక కారణం ఉంటది. ఒక్కోసారి అది వాడికే తెలవదు.” నాకు తెలియకుండా నాలో కారణం పెట్టిందెవరమ్మా, మీ నాయనమ్మా అన్నాను. మరి నీ కారణం ఏంటి, సెలవులకి ఊరొచ్చిన ఆడపిల్లవి పిన్నీ అత్తా అని తిరగక ఊరూరా పక్షుల్ని కాపాడండని ఎందుకు తిరుగుతున్నావు అంటే కళ్లు మూసుకో తాతా, మందు కారుద్ది అంది. చెప్పలేదు. అప్పటి నుంచి దాని కారణం ఏమిటా అని నాలో నేను వెతుకుతున్నాను, జంపని స్టేషను వచ్చింది, పంచదార ఫ్యాక్టరీ వైపు నుంచి బెల్లపు మడ్డి వాసన వచ్చింది, వయసులో ఉన్నప్పుడు ఇక్కడికి చెరకు బండ్లు తోలాను, ఆ వాసనకి ఎడ్లు కూడా మత్తుగా నడిచేవి, ఒక ఎద్దయితే పాట కూడా అందుకునేది అని రిబ్కాకి చెప్పాను, ఏం పాట తాతా అని అడిగిందే తప్ప ఎద్దు పాడదని అనలేదు. గూడబాతు సంగతి కూడా అంతే. గూడబాతుకి ముక్కు కింద సంచి ఉంటుంది కదా, కుర్రతనంలో పల్లంలో ఆ సంచిలోకి జారిపడ్డానని, చేపల మధ్య సర్దుకుని కూర్చుని రేపల్లె నుంచి బాపట్ల దాకా టికెట్ లేకుండా వెళ్లానని, దారిలో ఆ పక్షి ఊపిరి పీల్చినప్పుడల్లా నా లుంగీ తడిసిందని చెప్పాను, దానికప్పుడు ఏడెనిమిదేళ్లు ఉంటాయి, మర్నాడు రేపల్లె స్టేషన్లో బుకింగు కిటికీ దగ్గర మునివేళ్ల మీద నిలబడి గూడబాతుకి టికెట్ ఎంతండీ అని అడిగింది, లోపలాయన మంచివాడు, పిల్లలకి సగమమ్మా అన్నాడు. బహుశా కారణం ఇదేనేమో, అయితే ఆ పుణ్యం నాదే. కాకపోతే తట్టు పోసినప్పటిదేమో, ఎండ పొడ తగలకూడదని గదిలో పడుకోబెడితే బయట జమ్ములోంచి నీటికోళ్ల కూత వినీ వినీ వాటికి పేర్లు పెట్టింది, ఒకదానికి వాళ్ల అమ్మ విజయమ్మ పేరు కూడా పెట్టింది, అస్తమానం కేకలేస్తుందని. అది కూడా నా ఇంట్లో పోసిన తట్టే కాబట్టి అందులో కూడా నా వాటా ఉంది. ముసలితనంలో మనిషికి పని ఉండదు, అన్నింటిలో తన వాటా లెక్కేసుకుంటూ కూర్చుంటాడు.

ఒకదాంట్లో నా వాటా ఏమిటో తేలలేదు. మా ఆవిడ సారా పోయిన రోజు. మూడేళ్ల కిందట, శ్రావణం, ముసురు పట్టి వదల్లేదు, పెట్టెని చర్చిలోకి తెచ్చి బల్లల మీద పెట్టాం, పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు, పైన పెంకు ఎక్కడో జారింది, మొదట ఒక చుక్క మూత మీద పడింది, అందరం చూశాం, ఎవరూ చూడనట్టు ఊరుకున్నాం, తర్వాత ఇంకోటి, తర్వాత ధార. పెట్టెని పక్కకి జరిపితే అక్కడ కూడా కారింది. అప్పుడు వాళ్ల తమ్ముడు దేవదానం గుమ్మం దగ్గర ఆరబెట్టిన తన గొడుగు తెచ్చి, విప్పి, చర్చి లోపల, అక్క పెట్టె మీద పట్టుకుని నిలబడ్డాడు. ప్రసంగం అయినంతసేపూ పట్టుకునే ఉన్నాడు, భుజం దిగిపోతే చెయ్యి మార్చుకున్నాడు, ఒకణ్ణి పట్టుకోనివ్వలేదు. నేను ముందు వరసలో కూర్చుని గొడుగు అంచు నుంచి రాలే చుక్కలు చూశాను, వెక్కిళ్లు రావలసిన మనిషికి లోపల ఒకటే ఆలోచన, ఇది బతికుంటే ఈ గొడుగు చూసి పగలబడి నవ్వేది కదా అని. ఆ సమాధి దగ్గరే నేనూ దేవదానం అనుకున్నాం, మనం పోయేలోగా ఈ కప్పు మార్చాలని. కప్పుకి దారి మిషను పల్లం. ఇన్నాళ్లకి ఆ దారి మా గుమ్మంలోకి వచ్చి నిలబడితే నా చెయ్యి దానికెందుకు అడ్డం పడాలి. ఇట్లా అనుకుంటూ అద్దాల వెనక కళ్లు తెరుచుకుని నిద్రపోతున్నాను, ఈ పిల్లేమో నా పక్కన కూర్చుని ఒంటి చేత్తో ఆ దారి మూసెయ్యడానికి వాక్యాలు బట్టీపడుతోంది, రెండుసార్లు తడబడింది, మూడోసారి నా భుజానికి తల ఆనించి కాసేపు మానేసింది.

వేమూరులో దేవదానమే ఎక్కాడు. అదే గొడుగు. ఎదురు బల్ల మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు.

“బావ నిద్రపోతన్నాడా?”

“చుక్కలేసినప్పటి నుంచి అంతే చిన్నతాతా. కూర్చుంటే నిద్రే” అంది రిబ్కా.

“పోనీలే. సాయంత్రం ఆ చెయ్యి ఒక్కటి మేలుకుంటే చాలు.” కాళ్లు బార్లా చాపాడు. “ఇక్కడి మేస్త్రీతో మాట్లాడొచ్చానమ్మా. సోమవారం వచ్చి కొలతలు తీసుకుంటానన్నాడు. శ్లాబు వేసినాక లోపల చినుకు పడితే నా పేరు మార్చుకో అన్నాడు.” రిబ్కా తలూపింది. అతను దాని కాగితం వైపు చూశాడు. “నువ్వు మాట్లాడతావంటగా, కొంగల తరఫున.”

“అవును చిన్నతాతా.”

“మాట్లాడు, వాటికి నోరు లేదుగా. నేనేం కాదనను. తెలవక అడుగుతా, నీది మనుషుల బుర్రల చదువు గదా. పక్షులతో నీకేంటి పని?”

“పక్షుల చదువు చదివినవాళ్లు పక్షి ఎట్లా బతుకుద్దో చెప్తారు. మనిషి దాన్ని ఎట్లా మర్చిపోతాడో చెప్పేవాళ్లు కూడా ఉండాలిగా.”

“ఇది కాగితంలో ముక్క” అన్నాడు దేవదానం. “అసలు ముక్క చెప్పు.”

నా మెడ దానంతటదే అటు తిరగబోయింది, ఆపుకున్నాను. రైలు ఏదో కాలవ మీద నుంచి పోతోంది, వంతెన చప్పుడు అయిపోయేదాకా ఆగింది ఆ పిల్ల. నా వైపు చూసింది, నల్లద్దాల్లో దానికి దాని మొహమే కనిపించి ఉంటుంది. గొంతు తగ్గించింది.

“తాతకి చెప్పొద్దు.”

“చెప్పనులే.”

“బాపట్లలో ఐదో తరగతి పిల్లలకి తాత కథ ఒకటి చెప్పా. నీటికుక్క కథ.”

“పొగాకు అడిగిందే, అదా?”

అదే. అది నేను చెప్పిన వాటిల్లోకి మకుటం, వానాకాలం సాయంత్రం పల్లంలోంచి నీటికుక్క ఒకటి రెండు కాళ్ల మీద నడుచుకుంటూ మా గుమ్మంలోకి వచ్చి, తడిసిన చేతులు గుండెల మీద పెట్టుకుని, సంజీవరావుగారూ కాస్త పొగాకు ఉంటే ఇప్పించండి, నీళ్లల్లో చలి ఎక్కువగా ఉంది అని అడగడం, నేనిస్తే మర్నాడు పొద్దున్నే గుమ్మంలో బొచ్చె చేప ఒకటి పెట్టి పోవడం. ఊళ్లో ఈ కథకి నవ్వని మనిషి ఎజ్రా ఒక్కడే.

“పిల్లలు నవ్వలా చిన్నతాతా” అంది. “ఒక్కళ్లు కూడా నవ్వలా. నీటికుక్కంటే ఏంటి టీచర్ అన్నారు. బొమ్మేసి చూపిచ్చా. ఒకమ్మాయి లేచి, రాక్షసబల్లి లాగా పూర్వం ఉండేదా అని అడిగింది. పొగాకు అడిగిందంటే, అడిగింది అని రాసుకున్నారు. పాఠం అనుకున్నారు. నీటికుక్కని చూసినోళ్లకేగా అది పొగాకు అడగదని తెలిసేది. చూడనోళ్లకి తాత అబద్ధం కూడా చెప్పలేడు. ఆ పల్లం పోయిందనుకో, రేపు తాత మాటలు తల్చుకుని నవ్వుకుందామంటే నాకు తోడెవరుంటారు? ఒక్కదాన్నే నవ్వుకుంటా కూర్చోవాలి. మా గైడు మేడం నీ కారణం ఏంటని అడిగితే ఏవేవో పెద్ద మాటలు చెప్పా. ఇది చెప్పడానికి సిగ్గేసింది.”

దేవదానం గొడుగు ఒళ్లోకి తీసుకున్నాడు. నేను కదల్లేదు, నిద్రపోతున్న మనిషిని కదా. పెనుమర్రు వచ్చింది, ఎవరో గడ్డిమోపు ఎక్కించారు, ఎవరో తిట్టారు, నాకు మాత్రం సారా కనిపించింది, పెట్టెలో సారా కాదు, అరుగు మీద తుంగచాప అల్లుతూ కూర్చున్న సారా. పల్లంలో తుంగ కోసుకొచ్చి ఆరేసి చీల్చి అల్లేది, చర్చిలో ఆడవాళ్ల వైపు పరిచిన చాపల్లో సగం దాని చేతివే, నేను అరుగు మీద నలుగురిని కూర్చోబెట్టి నీటికుక్క కథ ఎత్తుకుంటే అదేదో మొదటిసారి వింటున్నట్టు వేళ్లు ఆపేసేది, సరిగ్గా చేతులు గుండెల మీద పెట్టుకునే చోటికి వచ్చేసరికి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది, ఎన్నిసార్లు చెప్పినా అక్కడే. అక్కడే ఎందుకు నవ్వేదో డెబ్బై దగ్గర పడ్డాక, ఈ రైలు బల్ల మీద నాకు అర్థమైంది. పెళ్లయిన కొత్తలో తెల్లవారుజామున ఇద్దరం పల్లంలో చేపలకి పెట్టిన ఊతలు తియ్యడానికి వెళ్లాం, మా ఊతలో చేపని నీటికుక్క లాగేసి గట్టెక్కింది, మమ్మల్ని చూసి పారిపోవాలా వద్దా తేల్చుకోలేక రెండు కాళ్ల మీద లేచి నిలబడి, చేతులు గుండెల మీద పెట్టుకుని, అచ్చం ఏదో అడగబోతున్న మనిషి లాగా మా వైపు చూసింది. సారా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, నవ్వు ఆపుకోలేక, కొత్త పెళ్లికూతురు, అప్పటిదాకా నా ముందు పెదవి విప్పని మనిషి. అదే మొదలు. నా అబద్ధం ఆ నిజం మీద నిలబడి ఉంది, అది చూసిన ఒకే ఒక్క మనిషి పోయింది, అయినా ఆ కథకి నవ్వే ఇంకో మనిషి నా పక్కన ఉంది, అదేమో తన తర్వాత ఎవరుంటారని దిగులుపడుతోంది. ఇరవై రెండేళ్ల పిల్లకి ఇదేం దిగులు. ఈ దిగులు నాకుండాలి. నాకు లేకపోయింది, కప్పు కారుతుందన్న దిగులొక్కటే ఉండిపోయింది, మోకాలు దాకా నీళ్లలో నిలబడి తుంగ కోసిన మనిషి మీద నాలుగు చుక్కలు పడ్డాయని కోపం పెట్టుకుని, ఆ నీళ్లనే రొయ్యల చెరువుకి ఒప్పజెప్పబోయాను. దీనికి రిబ్కా చదువులో ఏదో పేరుండే ఉంటుంది, పొడుగ్గా.

భట్టిప్రోలు దాటాక దగ్గాను.

“బామ్మర్దీ.”

“లేచావా. ఇంకా పల్లికోన రాలేదు, పడుకో.”

“సాయంత్రం నా చెయ్యి లేవదు.”

దేవదానం చాపిన కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. రిబ్కా కాగితం మడిచింది, మళ్లీ విప్పింది. “విన్నావా తాతా?” అంది.

“రైలు చప్పుడులో ఏం వినపడుద్దమ్మా. కొంచెం వినపడింది.”

“మాటిచ్చావు బావా” అన్నాడు దేవదానం. అరవలేదు, అరిస్తే బాగుండేది. “అక్క పెట్టె మీద గొడుగు పట్టుకుంది నేను. నువ్వు చూశావు.”

“చూశాను. ఇంకోసారి పట్టాల్సొస్తే అది నా పెట్టె మీదే. నేను ఆ పల్లం నీళ్లల్లో పుట్టి పెరిగా, నాలుగు చినుకులకి నాకేం కాదు. నువ్వు భుజం నొప్పెట్టుకోకు, ముడిచి పక్కన పెట్టు.”

“మేస్త్రీకి ఏం చెప్పను?”

“పెంకులు సర్దమను. అన్నీ జారలేదుగా.”

అతను కిటికీ వైపు తిరిగాడు. మొహం నాకు కనిపించలేదు, వెనక నుంచి మెడ మాత్రం కనిపించింది, అక్కదీ తమ్ముడిదీ ఒకటే మెడ, సన్నగా, పక్కకి వాలి. ఇతన్ని బాధపెట్టాను, సారా ఉంటే నన్ను మూడు రోజులు పలకరించేది కాదు, నాలుగో రోజు నవ్వేది. ఆ మూడు రోజులు ఇప్పుడు ఇతని చేతిలో ఉన్నాయి.

“తాతా” అంది రిబ్కా. కళ్లు తుడుచుకుంటోంది, పైట చెంగుతో కాదు, కాగితంతో, దాని జీవవైవిధ్యమంతా అలుక్కుపోయింది. “నేనింకా మాట్లాడనే లేదు.”

“మాట్లాడాలమ్మా. లేకపోతే ఈ ముసలాడి చెయ్యి ఎందుకు లేవలేదో జనానికి ఎట్లా తెలుస్తది, కీళ్లనొప్పులనుకుంటారు.”

పల్లికోన పోయింది. రేపల్లె వచ్చింది, ఇక్కడితో పట్టాలు ఆఖరు, ముందుకి పోవడానికి లేదు కాబట్టి బండి తీరుబడిగా ఆగింది. రిబ్కా ముందు దిగి నా చెయ్యి అందుకుంది. దేవదానం నా సంచి తనే తీసుకున్నాడు, అతను అడగలేదు, నేను ఇవ్వలేదు, బావ సంచి మోయడం అతనికి అలవాటు, కోపంలో కూడా ఆ అలవాటు పోలేదు. బస్టాండు దాకా ముగ్గురం నడిచాం, అతను నాలుగు అడుగులు ముందు. బస్సులో రిబ్కా కిటికీ దగ్గర, నేను మధ్యలో, అతను ఈ చివర. కండక్టరు టికెట్లు కొట్టి పోయాడు. రేపల్లె పొలిమేర దాటి గాలిలో ఉప్పు తగలడం మొదలైంది, అప్పుడు దేవదానం గొంతు సవరించుకుని, నన్ను దాటి, రిబ్కాతో అన్నాడు.

“మీ తాత నీకు కథంతా చెప్పలేదమ్మా.”

“ఏ కథ చిన్నతాతా?”

“నీటికుక్క. ఆ రాత్రి ఈయన దగ్గర పొగాకు తీసుకుని తిన్నగా మా ఇంటికొచ్చింది. నిప్పెట్టె అడిగింది.”

మొహం ముందుకే పెట్టుకుని చెప్పాడు, పంచాయితీలో సాక్ష్యం చెప్పే మనిషి లాగా. రిబ్కా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆగలేదు, బస్సంతా తిరిగి చూసేటట్టు నవ్వింది. నాకు తెలిసి దేవదానం తన జన్మలో చెప్పిన మొదటి అబద్ధం అది. చెయ్యి తిరగలేదు పాపం, నీళ్లల్లో మునిగే జంతువు నిప్పెట్టె ఏం చేసుకుంటుంది, పుల్లలన్నీ నానిపోవూ.